హోంవర్క్ ఫోన్‌లోనే వస్తుంటే, ఫోన్ ఇవ్వకుండా పిల్లల్ని ఎలా చదివిస్తున్నారు?

మారతహళ్లి అమ్మ

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. "ఫోన్ బీరువాలో పెట్టి తాళం వెయ్యండి" అనే సలహా మాత్రం దయచేసి ఇవ్వొద్దు. అది మా అత్తగారు రోజూ ఇస్తూనే ఉన్నారు.

మాది అనంతపురం. ఇక్కడ బెంగళూరులో, మారతహళ్లి పక్కన మున్నెకొళాలలో ఉంటాం. పెద్దవాడు ఆరో తరగతి, సీబీఎస్ఈ. చిన్నది యూకేజీ. మా ఆయనకి ఐటీపీఎల్ టెక్ పార్కులో ఉద్యోగం, తరచూ రాత్రి షిఫ్టులు. నేను ఇంటి నుంచే ఒక మందుల డిస్ట్రిబ్యూటర్‌కి ట్యాలీలో లెక్కలు రాస్తాను. సాయంత్రం అయ్యేసరికి వంట, పిల్లలు, జీఎస్టీ బిల్లులు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

మావాడి బడిలో డైరీ రాయించడం దాదాపు మానేశారు. హోంవర్క్ స్కూల్ యాప్‌లో వస్తుంది. అందులో రానిది వాట్సాప్ గ్రూపులో వస్తుంది. ఒక్కోసారి రాత్రి ఎనిమిదిన్నరకి పీడీఎఫ్ పడుతుంది, రేపే తేవాలని. అంటే వాడి చేతికి ఫోన్ ఇవ్వక తప్పదు. వాడు హోంవర్క్ కోసమే తీసుకుంటాడు, అందులో అబద్ధం లేదు. కుక్కర్ మూడు విజిల్స్ వేసేలోపు మాత్రం ఎవడో "హే గైస్" అని అరుస్తూ కార్లు గుద్దించే వీడియోలో ఉంటాడు. అడిగితే "అదే వచ్చింది మమ్మీ" అంటాడు. అదీ నిజమే, వాడు వెతకలేదు, అదే వచ్చింది.

ఇంటర్నెట్‌ని తిట్టడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు. కారణం కన్నడ. ఇక్కడ 2015లో కన్నడ నేర్పే చట్టం వచ్చింది, 2017-18 నుంచి సీబీఎస్ఈ బడులకి కూడా వర్తించింది. మేం బెంగళూరు వచ్చేసరికి వాడు మూడో తరగతి. క్లాసులో అందరూ ఒత్తులు రాస్తుంటే వీడికి అక్షరాలే రావు. మా ఇద్దరికీ కన్నడ కూరగాయల అంగడి వరకు వచ్చు, చదవడం రాదు. ట్యూషన్ కోసం తిరిగాను, దొరికిన ఒక్కావిడా సర్జాపుర రోడ్డు అవతల. చివరికి వాడే యూట్యూబ్‌లో ఒక టీచరమ్మని పట్టుకున్నాడు. నల్లబల్ల మీద నెమ్మదిగా రాస్తుంది. వీడు ఆపి, పలక మీద రాసుకుని, మళ్లీ నడిపించి, మళ్లీ ఆపి. ఒత్తు కింద పడాలా పక్కన పడాలా అని స్క్రీన్ పెద్దది చేసి చూసేవాడు. ఇప్పుడు బస్సు ఎక్కితే బీఎంటీసీ బోర్డు నాకు చదివి చెప్పేది వాడే. ఆ పని నేనూ చేయలేదు, బడీ చేయలేదు.

ఇంకో రెండు సంగతులు చెప్తాను, నా అసలు ప్రశ్న వాటిలోనే ఉంది.

మొదటిది. కర్ణాటక జానపద కళల మీద చార్ట్ తెమ్మన్నారు. వాడు వాళ్ల నాన్న ల్యాప్‌టాప్‌లో ఏఐ చాట్‌ని అడిగాడు. యక్షగానం, డొళ్లు కుణిత, వీరగాసె అంటూ పేజీ మొత్తం చక్కని ఇంగ్లీషులో ఇచ్చేసింది. జెరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించి, చుట్టూ మెరుపు టేపు అంటించాం. టీచర్ 'వెరీ గుడ్' పెట్టింది. ఆ రాత్రి "వీరగాసె అంటే ఏంట్రా?" అని అడిగాను. "చార్ట్‌లో ఉంది కదా" అన్నాడు.

రెండోది. వర్తూరు వైపు స్కూటీ మీద వెళ్తుంటే చెరువు అలుగు దగ్గర నురగ కనిపించింది. ఈ ఏరియా వాళ్లకి తెలిసిందే కదా, ఒకప్పుడు రోడ్డు మీదకి ఎగిరి వచ్చి బండ్ల మీద పడేది. "ఇదేంటి, సోపు ఎవరు పోశారు?" అన్నాడు. నాకు తెలీదన్నాను. ఇంటికొచ్చి వాడే వెతుక్కున్నాడు. ఊరి మురుగు బెళ్లందూరు చెరువులోకి, అక్కడి నుంచి వర్తూరుకి వస్తుందట. బట్టల పౌడరులో ఉండే రసాయనాలు నీళ్లలో అలాగే ఉండిపోయి, నీళ్లు అలుగు మీద నుంచి ఎత్తున పడేటప్పుడు చిలికినట్టయి నురగ కడుతుందట. వానాకాలంలో ఎక్కువట. తర్వాత మా ఇంట్లో పౌడర్ ప్యాకెట్ వెనక్కి తిప్పి, ఫాస్ఫేట్ అని ఉందా అని చదివాడు. ఇప్పటికీ ఇంటికి ఎవరొచ్చినా ఆ చెరువు కథ చెప్తాడు. దానికి ఏ మార్కులూ లేవు.

పిల్లాడూ వాడే, ఇంటర్నెట్టూ అదే. ఆ చార్ట్ లాంటి చదువు తగ్గి ఈ చెరువు లాంటి చదువు పెరగాలంటే ఇంట్లో ఏం చేయాలి? మీ ఇళ్లలో నిజంగా పనిచేసినవి చెప్పండి. చిన్నదాని సంగతి కూడా, ఫోన్ లేకపోతే ముద్ద మింగడం లేదు.

—

హెచ్ఎస్ఆర్ నెట్‌వర్క్ మనిషి

మేడమ్, నేను నెట్‌వర్కింగ్‌లో పనిచేస్తాను కాబట్టి నాకు తెలిసిన వైపు నుంచి చెప్తాను. మిగతాది పెద్దవాళ్లు చెప్తారు.

మొట్టమొదట, వాడికి మీ అకౌంట్ ఇవ్వకండి. యూట్యూబ్ మిమ్మల్నే చూస్తున్నాననుకుని లోన్ల ప్రకటనల నుంచి అన్నీ చూపిస్తుంది. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టంలో 18 ఏళ్ల లోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్ల వెంటపడి ప్రకటనలు చూపించకూడదని ఉంది. బాగుంది. కానీ ఫోన్ పట్టుకున్నది పిల్లాడని ఆ యాప్‌కి తెలియాలి కదా. 13 ఏళ్ల లోపు వాళ్లకి గూగుల్ ఫ్యామిలీ లింక్‌తో పిల్లల అకౌంట్ తెరవొచ్చు. ఏ యాప్ ఎంతసేపు, రాత్రి ఎన్నింటికి ఫోన్ మూసుకోవాలి, అన్నీ మీ ఫోన్ నుంచే పెట్టొచ్చు.

యూట్యూబ్‌లో వాచ్ హిస్టరీ మొత్తం చెరిపేసి, ఆపేయండి. 2023 ఆగస్టు నుంచి ఒక మార్పు వచ్చింది. హిస్టరీ లేకపోతే హోమ్ పేజీలో వీడియోలు రావు, ఖాళీగా వెతికే పెట్టె ఒక్కటే ఉంటుంది. పిల్లాడికి ఏం కావాలో వాడే టైప్ చేయాలి. మీరు అడిగిన చెరువు చదువుకి ఇంతకన్నా దగ్గరి సెట్టింగ్ నాకు తెలీదు. ఆటోప్లే కూడా తీసేయండి.

ఇంటి వైఫైకి రౌటర్‌లో డీఎన్ఎస్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, ఏ సైట్ ఎక్కడుందో ఫోన్‌కి చెప్పేది అదే. అక్కడ 1.1.1.3, రెండోదానికి 1.0.0.3 అని పెట్టండి. క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లది, ఉచితం. బూతు సైట్లు, వైరస్ సైట్లు ఇంటి వైఫై మీద చాలావరకు తెరుచుకోవు. మొబైల్ డేటా ఆన్ చేస్తే మాత్రం ఇదంతా దండగ. కాబట్టి వాడికి ఇచ్చే ఫోన్‌లో సిమ్ ఉండకూడదు. పాత ఫోన్ ఉంటే అదే చాలు, హాల్లో ఛార్జర్‌కి తగిలించి ఉంచండి.

వీటన్నిటినీ మా పెద్దమ్మాయి దాటుకుని వెళ్లింది, పక్క ఫ్లాట్ వైఫైతో. అయినా పెట్టండి.

—

హూడి తాతయ్య

అమ్మా, నేను మదనపల్లె దగ్గర హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు హూడిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. మనవడు ఏడో తరగతి.

ఆ చార్ట్ గురించి మీరు పెద్దగా బాధపడొద్దు. ఇంటర్నెట్ రాకముందూ అది అంతే. మా రోజుల్లో బస్టాండు దగ్గర గైడ్లు అమ్మేవాళ్లు. పాఠం చదవని పిల్లాడు కూడా గైడులో జవాబు బట్టీపట్టి రాసి, నా చేతే పదికి ఎనిమిది వేయించుకునేవాడు. చార్టులైతే ఎప్పుడూ అమ్మానాన్నల పనే. ఇప్పుడు గైడు అడిగిన వెంటనే, అడిగిన భాషలో వస్తోంది, అంతే తేడా. జవాబు చూసి మార్కులు వేసినంత కాలం పిల్లలు జవాబే తెస్తారు. ఆ టీచరమ్మ చార్ట్ గోడకి తగిలించి, "వీరగాసె వేషగాడి చేతిలో ఏముంటుంది?" అని ఒక్క ప్రశ్న అడిగి ఉంటే మీవాడు ఆ రాత్రి వీడియో వెతికి కత్తిని చూసేవాడు.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మనవడు భిన్నాల భాగహారం వీడియోలో చూసి నేర్చుకున్నాడు. అరని పావుతో భాగించమంటే టక్కున రెండు అన్నాడు. ఎలా అంటే, "రెండోదాన్ని తిరగేసి గుణించాలి తాతా" అన్నాడు. ఎందుకు తిరగేయాలి? తెల్లమొహం వేశాడు. తప్పు వాడిది కాదు, ఆ వీడియో నాలుగు నిమిషాలది, అందులో ఎందుకు అన్న మాటే లేదు. క్యాలెండర్ కాగితం పొడుగ్గా చించి ఇచ్చాను. సగానికి మడువు. అది అర. మళ్లీ మడువు. అది పావు. అరలో పావులు ఎన్ని ఉన్నాయి? రెండు. భాగించడమంటే అదే కదరా, ఇందులో అది ఎన్నిసార్లు పడుతుందని అడగడం. ముప్పావులో అరపావులు ఎన్ని అని అడిగాను. ఈసారి నేను చెప్పకుండానే కాగితం ఇంకోసారి మడిచి, వేలితో ఒక్కొక్క మడత నొక్కుకుంటూ ఆరు అన్నాడు. తర్వాత నాలుగులో మూడుని ఎనిమిదితో గుణించి నాలుగొకట్ల నాలుగు, నాలుగురెళ్లు ఎనిమిది అంటూ కొట్టివేసి, "తిరగేసినా ఆరే వచ్చింది!" అని అరిచాడు. ఆ అరుపు కోసమే ముప్పై ఏళ్లు పైగా ఉద్యోగం చేశాం మేం.

ఆ వెంటనే వాడు ఏం చేశాడో తెలుసా, మళ్లీ యూట్యూబ్ తెరిచి, కాగితం మడిచి చెప్పేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా అని వెతికాడు. ఉన్నారు. నాకన్నా బాగా చెప్పేవాళ్లు ఉన్నారు. కాబట్టి మంచి పాఠాలు అందులో లేవని కాదు. ఏది మంచిదో తెలియాలంటే ముందు పిల్లాడిలో ఒక ఎందుకు ఉండాలి. అది ఇంట్లో మనిషి రేపాలి.

ప్రభుత్వం వాళ్లదీ ఒకటి ఉంది, చాలామంది పట్టించుకోరు. 2017లో మొదలైన దీక్షా యాప్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లో, మన ఆంధ్ర పుస్తకాల్లో పాఠం పక్కన చిన్న చదరపు గడుల బొమ్మ ఉంటుంది చూడండి, ఫోన్‌తో దాన్ని స్కాన్ చేస్తే ఆ పాఠం తాలూకు వీడియోలు వస్తాయి. అన్నీ గొప్పగా ఉండవు. కానీ పక్కన కార్లు గుద్దుకోవు.

పల్లెల్లో సంగతి కూడా వినండి. పల్లె పిల్లల చదువుల మీద చేసే అసర్ సర్వేలో, 2024లో, గ్రామాల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్ని అడిగారు. స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చినవాళ్లలో, అంతకు ముందు వారంలో చదువు పని కోసం ఫోన్ వాడామన్నవాళ్లు 57 శాతం. సోషల్ మీడియా కోసం వాడామన్నవాళ్లు 76 శాతం. నాకు ఆ 76 కన్నా 57 ఎక్కువ ఆశ్చర్యం. మా ఊళ్లో లైబ్రరీ తాళం తీసే మనిషే ఉండేవాడు కాదు. ఇప్పుడు ఫోన్ వాడటం వచ్చిన పిల్లల్లో సగం మందికి పైగా ఏదో ఒకటి చదువు కోసం తెరుస్తున్నారు కదా.

ఇంకొకటి, మీరు అడగలేదు గానీ. మీవాడికి తెలుగు చదవడం వచ్చా? మూడో తరగతిలో వచ్చాడన్నారు కాబట్టి కొంత మరిచిపోయి ఉంటాడు. కన్నడ లిపి బాగా వచ్చింది కాబట్టి ఇప్పుడు సుళువు. అ, ఇ, గ, న, ర, ల దాదాపు అవే. తలకట్టు మారుతుంది. క, త, శ మాత్రం విడిగా నేర్పాలి. మా మనవడికి అలాగే నేర్పాను, వేసవి సెలవుల్లో. ఇప్పుడు తెలుగు వికీపీడియాలో క్రికెటర్ల పేజీలు చదువుతాడు. నాకు క్రికెట్ అంటే పడదు, కానీ నోరు మూసుకుని వింటాను.

—

మారతహళ్లి అమ్మ

మాస్టారూ, ఆ కాగితం మడత ఈరోజే చేయించాను. చిన్నది వచ్చి కాగితం నమిలేసింది గానీ, వాడికి అర్థమైంది.

తెలుగు సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. బోర్డులు తప్ప చదవడు. "తెలుగు ఎందుకు మమ్మీ, ఇక్కడ ఎవరు అడుగుతారు" అంటాడు. మా అమ్మ వాట్సాప్‌లో తెలుగులో టైప్ చేసి పంపిస్తే నాతో చదివించుకుంటాడు. ఇకనుంచి చదవను, నువ్వే చదువుకో అని చెప్పాను.

నెట్‌వర్క్ సార్, హిస్టరీ చెరిపి ఆపేశాను. హోమ్ పేజీ నిజంగానే ఖాళీ. మావాడు "నెట్ పోయింది" అని కంప్లయింట్ ఇచ్చాడు.

—

సెకండ్ పీయూ

ఆంటీ, నేను వైట్‌ఫీల్డ్‌లో సెకండ్ పీయూ, అంటే మన ఇంటర్ రెండో ఏడాది, చదువుతున్నాను. పిల్లల వైపు నుంచి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

2020లో నేను ఏడో తరగతి. ఆ జూన్‌లో ఇక్కడ చిన్న తరగతులకి ఆన్‌లైన్ క్లాసులు వద్దని ప్రభుత్వం అంది, తర్వాత హైకోర్టు ఆ ఉత్తర్వుని ఆపింది. జులైలో కేంద్రం ప్రజ్ఞాత అని గైడ్‌లైన్స్ ఇచ్చింది. ఎనిమిదో తరగతి దాకా రోజుకి 30 నుంచి 45 నిమిషాల క్లాసులు రెండుకి మించొద్దని. మా బడిలో పొద్దున ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. కెమెరా ఆన్‌లో ఉండాలి. ఇంకో ట్యాబ్‌లో అందరం చాటింగ్. రెండు పనులు ఒకేసారి చేస్తూ వింటున్నట్టు మొహం పెట్టడం అప్పుడే నేర్చుకున్నాం. అది ఇంకా పోలేదు. ఇప్పుడు ఫిజిక్స్ చదువుతున్నా చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకి వెళ్తుంది. అంటే మాకు ఈ అలవాటు మొదట ఆటల వల్ల రాలేదు, క్లాసుల వల్లే వచ్చింది. పెద్దవాళ్లు ఇది మరిచిపోతారు.

మంచి కూడా చెప్తాను. ఆ ఏడాదే నాకు జ్యామెట్రీ అర్థమైంది. క్లాసులో టీచర్‌ని రెండోసారి అడగాలంటే సిగ్గు. వీడియోని వందసార్లు అడగొచ్చు, అది "ఇంతసేపు ఏం విన్నావు" అనదు.

మీరు చేయగలిగింది ఒకటుంది. స్కూల్ గ్రూపులో వచ్చిన పీడీఎఫ్‌ని మీరే ప్రింట్ తీసి ఇవ్వండి, లేదా వాడితో నోట్‌బుక్‌లో రాయించి ఫోన్ వెనక్కి తీసుకోండి. మా అమ్మ ఇప్పుడు మా తమ్ముడికి అదే చేస్తుంది. హోంవర్క్ చూడ్డానికి ఫోన్ కావాలి నిజమే, హోంవర్క్ చెయ్యడానికి అక్కర్లేదు కదా.

చివరగా కొంచెం కోపంగా. మా ఫోన్ గురించి మాట్లాడే పెద్దవాళ్లందరూ భోజనం దగ్గర రీల్స్ చూస్తారు. మా నాన్న అయితే నా చిన్నప్పటి నుంచి ఫోటోలన్నీ ఫేస్‌బుక్‌లో పెట్టారు, బడి యూనిఫామ్‌తో సహా. ప్రైవసీ గురించి నాకు క్లాసు పీకేది కూడా ఆయనే. మీవాడి ఫోటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టేముందు వాణ్ని ఒకసారి అడగండి ఆంటీ.

—

పేరు వద్దు

ఇంతసేపూ చదివి, రాయాలా వద్దా అని ఆలోచించాను. ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉంటాం. మీ అబ్బాయి కథ వింటే నాకు భయం వేయలేదు, అదే చెప్పడానికి వచ్చాను. పిల్లాడు కార్ల వీడియో చూడటం జబ్బు కాదు.

మా పెద్దవాడిది వేరు. పదో తరగతిలో గేమ్. తిండి టేబుల్ దగ్గరికి రావడం మానేశాడు, తర్వాత స్నానం, తర్వాత బడి. రాత్రి మూడింటికి దుప్పటి కింద వెలుతురు కనిపించేది. వైఫై పీకేస్తే తలుపు తన్నాడు. ఎప్పుడూ నన్ను పల్లెత్తు మాట అనని పిల్లాడు. కార్డు మీద గేమ్‌లో కొన్నవాటి బిల్లు చూసి మా ఆయన చెయ్యి చేసుకున్నాడు. దాంతో వాడు మాట్లాడటమే మానేశాడు.

బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ వాళ్లకి దీనికోసం షట్ క్లినిక్ అని ఉంది, 2014 నుంచీ. మన ఊళ్లోనే ఉందని కూడా నాకు తెలీదు, పిల్లల డాక్టరు చెప్పింది. పిచ్చాసుపత్రికి తీసుకెళ్తావా అని మా వాళ్లు గొడవ చేశారు. వెళ్లాం. అక్కడ గేమ్ పేరు కన్నా ముందు నిద్ర గురించి అడిగారు. ఎన్నింటికి పడుకుంటాడు, స్నేహితులు ఇంటికి వస్తారా, గేమ్ మొదలయ్యే ముందు బడిలో ఏమైనా జరిగిందా అని. జరిగింది. మాకు తెలీదు, అది ఇక్కడ రాయను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ గేమింగ్ డిజార్డర్‌ని జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడితే జబ్బు అని అందులో లేదు. ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నీ దాని వెనక్కి పోవడం, నష్టం జరుగుతున్నా వదలకపోవడం, ఇవి మామూలుగా ఏడాది పాటు కనిపించాలి. కాబట్టి గడియారం పట్టుకుని కూర్చోకండి. నిద్ర, తిండి, స్నేహితులు, బడి, ఈ నాలుగూ చూసుకోండి. ఇవి సరిగ్గా ఉంటే మిగతాదానికి మాస్టారు చెప్పినవి చాలు. ఇవి కదిలితే మాత్రం ఈ సెట్టింగులు సరిపోవు, మనిషిని కలవాలి. అంత దూరం వెళ్లలేకపోతే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయొచ్చు, తెలుగులో కూడా మాట్లాడతారు. ఎవరైనా ఆన్‌లైన్‌లో పిల్లల్ని డబ్బులకో ఫోటోలకో బెదిరిస్తే సైబర్ నేరాల నంబరు 1930, పిల్లల హెల్ప్‌లైన్ 1098. ఈ మూడు నంబర్లూ ఫ్రిజ్ మీద రాసిపెట్టాను.

చిన్నపాప గురించి ఎవరూ చెప్పలేదు. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఐఏపీ, రెండేళ్ల లోపు అసలు స్క్రీన్ వద్దంటుంది. రెండు నుంచి ఐదేళ్ల దాకా రోజుకి గంట లోపే, ఐదు నుంచి పదేళ్ల దాకా రెండు గంటల లోపే. తినేటప్పుడు, పడుకోవడానికి గంట ముందు వద్దు. ఫోన్ చూస్తూ తినే పిల్లకి కడుపు నిండిందో లేదో తెలీదు. మొదటి వారం తినదు, ఏడుస్తుంది. మా చిన్నదీ ఏడ్చింది. ఒక పూట తక్కువ తింటే ఏం కాదు, ఆకలేస్తే వస్తుంది.

మావాడు ఇప్పుడు డిప్లొమా చేస్తున్నాడు. గేమ్ ఇంకా ఆడతాడు, శనివారాలు.

—

మారతహళ్లి అమ్మ

పేరు వద్దు గారూ, మీరు రాసినందుకు చాలా థ్యాంక్స్. అది రాయడం ఎంత కష్టమో తెలుస్తోంది. ఆ నాలుగూ మావాడికి బాగానే ఉన్నాయి. పడుకోమంటే పడుకుంటాడు, కింద క్రికెట్ కోసం రోజూ గేటు దగ్గర సెక్యూరిటీ అన్నతో గొడవ కూడా పడతాడు.

సెకండ్ పీయూ అమ్మాయ్, భోజనం దగ్గర రీల్స్ అని నువ్వు రాసిన వాక్యం మా ఆయనకి పైకి చదివి వినిపించాను. "ఎవరో పిల్ల రాసిందానికి నన్నెందుకు చూస్తావ్" అన్నారు. ఫోటో విషయం వాణ్ని అడిగితే, పుట్టినరోజుది తీసేయమన్నాడు, పళ్లు బాలేవట. తీసేశాను.

ఈ వారం చేసింది ఇది. పీడీఎఫ్‌లు వాడే నోట్‌బుక్‌లోకి రాసుకుని ఫోన్ నాకు ఇచ్చేస్తున్నాడు. పాత ఫోన్ సిమ్ లేకుండా హాల్లో పెట్టాం. ఏదైనా వెతకాలంటే ముందు ఏం కావాలో నాకు నోటితో చెప్పాలి. "ఊరికే చూస్తా" అంటే కుదరదు. శుక్రవారం సాయంత్రం మాత్రం ఊరికే చూడొచ్చు, ఆ గంట నేను తొంగి చూడను. ప్రశ్నలు వస్తున్నాయి, అన్నీ గొప్పవి కావు. నిన్నటిది, మెట్రో మూడో పట్టాలో కరెంటు ఉంటే ఎలుకలు చావవా అని. ఆ జవాబు వాడికింకా దొరకలేదు గానీ, మన మెట్రోకి పైన తీగ ఉండదని, పక్కనున్న పట్టా నుంచే 750 వోల్టుల కరెంటు తీసుకుంటుందని మా ఇద్దరికీ తెలిసింది.

క్లాస్ టీచర్‌ని కూడా కలిశాను. ఏడు తర్వాత హోంవర్క్ పంపకండి అని అడిగితే, "పేరెంట్సే అడుగుతున్నారు మేడమ్, లేట్‌గా పంపినా పర్లేదు గానీ పంపండి అంటున్నారు" అంది. గ్రూపులో ఓటు పెడదామన్నాను. సగం మంది డైరీ కావాలన్నారు, సగం మంది యాప్ కావాలన్నారు, ఒకాయన గుడ్ మార్నింగ్ పువ్వు పెట్టాడు.

నెట్‌వర్క్ సార్, మీతో ఒక అర్జెంటు పని. డీఎన్ఎస్ మారుద్దామని రౌటర్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ తీసుకోవడం లేదు. మావాడు ఎప్పుడో మార్చాడట, ఏం పెట్టాడో మరిచిపోయాడట. వెనకాల చిన్న రంధ్రం ఉంది, పిన్నుతో నొక్కితే మామూలుగా అవుతుందని వాడే ఒక వీడియో చూపించాడు. నొక్కమంటారా?

—

హెచ్ఎస్ఆర్ నెట్‌వర్క్ మనిషి

నొక్కకండి మేడమ్! ఫైబర్ కనెక్షన్ అయితే రీసెట్ కొట్టగానే కంపెనీ వాళ్ల సెట్టింగ్స్ కూడా పోయి నెట్ మొత్తం ఆగిపోవచ్చు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి రౌటర్ లాగిన్ పాస్‌వర్డ్ మార్చాలని చెప్పండి, చాలావరకు వాళ్లే అక్కడి నుంచి మార్చిస్తారు. కొత్తది పెట్టేటప్పుడు మీవాణ్ని పక్క గదిలో కూర్చోబెట్టండి. వాణ్ని తిట్టకండి కూడా, ఆరో తరగతిలో రౌటర్‌లోకి వెళ్లాడంటే ఇంకో పదేళ్లకి నా సీటుకే ఎసరు పెడతాడు.